మంట పోయిన కాళ్ళు

ఆమె అరికాళ్ళ మంట పోయిందన్న కబురు నాకు మొదట తెచ్చింది ఆమె కోడలు. ఆదివారం మధ్యాహ్నం చర్చి నుంచి ఇంటికి కూడా వెళ్ళకుండా నేరుగా మా పరుపుల కొట్టుకి వచ్చింది. నెత్తిన వేసుకున్న కొంగు ఇంకా తీయలేదు.

"మా అత్త ఇవాళ లేచి నిలబడి సాక్ష్యం చెప్పిందండీ. రెండేళ్ళ నుంచి కాళ్ళలో ఉన్న మంట దేవుడు తీసేశాడని. పాస్టరుగారు అందరిచేతా చప్పట్లు కొట్టించారు. ముందు మీకే చెప్పి రమ్మంది" అంది గుక్క తిప్పుకోకుండా.

సాక్ష్యమంటే వాళ్ళ చర్చిలో ఒక పద్ధతి. దేవుడు తమకు చేసిన మేలును ఎవరికి వాళ్ళు లేచి పదిమందిలో చెప్పుకుంటారు. ఆమె మనుషుల ముందు ఎంత మాటకారో మైకు ముందు అంత పిరికిది. ఇన్నేళ్ళుగా ఆ చర్చికి వెళ్తూ ఒక్కసారీ లేవని మనిషి ఆ రోజు లేచిందంటే ఆ మంట ఎంత ఏడిపించి ఉంటుందో నాకు తెలుసు. కోడలికి మంచినీళ్ళిచ్చి పంపాను. జొహర్ నమాజు వేళయింది. కాళ్ళూ చేతులూ కడుక్కుని వజూ చేసుకుని నమాజు చదివాక, ఆమె పేరు చెప్పి ఇంకో రెండు రకాతులు షుక్రానా, అంటే కృతజ్ఞత నమాజు, చదివాను. "యా అల్లా, ఆమె కాళ్ళు చల్లబరిచావు, నీ మేలు మరిచిపోను" అనుకుంటుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అది సంతోషించాల్సిన కబురు కాదని నాకు తెలిసేసరికి మూడు వారాలు గడిచిపోయాయి.

నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. మా నాన్న దూది ఏకుతూనే నాకు అక్షరాలు నేర్పాడు. ఏకిన దూది నేల మీద పలచగా పరిచి వేలితో అక్షరం రాయించేవాడు. తప్పయితే అరచేత్తో ఒక్కసారి నిమిరేవాడు, అంతే, మళ్ళీ తెల్లటి పలక. ఆ తరవాత పొట్లం కట్టి వచ్చిన కాగితాలు, ఆ తరవాత తెలుగులో అర్థం రాసి ఉన్న ఖురాను. నా చదువు అంతవరకే. అందుకని డాక్టర్ల మాటలు నేనిక్కడ ఎక్కడైనా తప్పుగా రాస్తే మన్నించండి. చూసింది, విన్నది రాస్తున్నాను.

ఆమె మా కొట్టుకి మొదట వచ్చింది బూరుగు దూదిలో గింజలు ఏరడానికి. మిరప సీజను అయిపోయి మళ్ళీ సీజను వచ్చేదాకా మా దగ్గరే పని. చెయ్యి ఎంత వేగమో నోరూ అంతే వేగం. నన్ను 'అక్కా' అనేది. నేనూ ఆమెను 'అక్కా' అనేదాన్ని. ఎవరు పెద్దో తేల్చడానికి ఇద్దరి దగ్గరా పుట్టిన తేదీ లేదు.

"నువ్వే పెద్ద. నీకే తెల్లవెంట్రుకలు ఎక్కువ" అనేది.

"నా తల మీద ముసుగు ఎప్పుడు తీశానని చూశావు?" అనేదాన్ని.

"చూపించవు కాబట్టే చెప్తున్నా" అనేది. గింజలు ఏరే ఆడవాళ్ళంతా నవ్వేవాళ్ళు. దూది ఎగిరి ముక్కుల్లోకి పోయేది.

జనవరి దాటిందంటే ఆమె మాకు కనిపించేది కాదు. ఊరవతల కోల్డు స్టోరేజీ పక్కన రేకుల షెడ్డులో ఎండుమిరపకాయలకు తొడిమలు తీయడానికి వెళ్ళేది. ఆ కాయలు ఓడలెక్కి పోయేవి కాబట్టి తొడిమ ఉండకూడదట. ఎర్రటి రాశుల మధ్య వరసగా ఆడవాళ్ళు, మోకాళ్ళు మడుచుకుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని, చీకటితో వచ్చి పొద్దు వాలేదాకా కూర్చునే ఉంటారు. తీసిన కాయ తూకాన్ని బట్టే కూలి. లేస్తే చెయ్యి ఆగుతుంది, చెయ్యి ఆగితే తూకం తగ్గుతుంది. లేవాల్సి వస్తుందని నీళ్ళు తాగరు. మేస్త్రి పూటకి రెండుసార్లు టీ పంపుతాడు. అందులో పాలకన్నా పంచదార ఎక్కువ. ఘాటుకి మండే నోటికి ఆ తీపి తగిలితే ప్రాణం లేచి వచ్చేదని చెప్పేది. పొద్దున చద్దన్నం, మధ్యాహ్నం అన్నం, రాత్రి అన్నం. కోటా బియ్యం, ఏదో ఒక పచ్చడి. మధ్యలో ఆ టీ, అందులో ముంచుకునే బన్ను.

ఆ పనిలో అందరికీ చేతులు మండుతాయి. నలిగిన గింజ, కారం పొడి పాదాలకు పట్టి కాళ్ళూ మండుతాయి. ఇంటికి పోయి కొబ్బరినూనె రాసుకుంటారు, గిన్నెలో మజ్జిగ పోసి కాళ్ళు ముంచుకుంటారు. దాన్ని జబ్బని ఎవరూ అనుకోరు. కూలితో పాటు ఇంటికి వచ్చేదే అనుకుంటారు. సీజను పోయిన నెలకి అదే చల్లారుతుంది.

ఆమెకు చల్లారలేదు. వానలు పడ్డాయి, పత్తి చేలు మోకాలెత్తు లేచాయి, మా కొట్టులో మెత్తటి దూది మధ్య కూర్చుని కూడా ఆమె చల్లదనం కోసం అరికాళ్ళు నాపరాయికి ఆనించుకునేది.

"ఈసారి కాయ మహా ఘాటక్కా. ఒంట్లోకి దిగిపోయింది" అనేది.

నేనూ నమ్మాను. అంతెందుకు, ఆ షెడ్డులో కూర్చునే ఆడవాళ్ళలో నమ్మని మనిషి ఒక్కరూ లేరు.

ఆమెకు షుగరుందని తెలియక కాదు. మా ఆయనకూ ఆమెకూ అది ఒకే ఏడాది బయటపడింది. మా ఆయన కళ్ళజోడు కోసం గుంటూరు వెళ్తే కళ్ళ డాక్టరు అనుమానపడి రక్తపరీక్ష చేయించమన్నాడు. అక్కడి నుంచి బ్రాడీపేటలో షుగరు డాక్టరుగారు. ఏం తినాలో, ఏం తినకూడదో అచ్చేసిన కాగితం ఇచ్చారు. కొర్రలు, జొన్నలు, రాగులు ఆ వీధిలోనే ప్రత్యేకం ఒక కొట్లో అద్దాల డబ్బాల్లో పోసి అమ్ముతారు. తెచ్చి ఆయనకి విడిగా వండేదాన్ని. పొద్దున్నే హైస్కూలు గ్రౌండులో గంటసేపు నడిచి వచ్చేవారు. మూడు నెలలకోసారి బస్సెక్కి వెళ్ళి చూపించుకుని వచ్చేవాళ్ళం. అల్లా దయవల్ల అన్నీ అమరాయి.

ఆమెకైతే ఊళ్ళో ఆరోగ్య కార్యకర్త వేలికి సూది గుచ్చి చూసి చెప్పింది. మాత్రలు డబ్బు తీసుకోకుండానే ఇచ్చేవాళ్ళు. ఆ పిల్ల ఎండలో ఇల్లిల్లూ తిరిగి చేసిన మేలు మరిచిపోకూడదు. కానీ ఈమె ఆ మాటే పెద్ద హాస్యం చేసింది.

"నాకు షుగరేంటక్కా, ఏసీ కార్లో తిరిగే దొరసానికి మల్లే! మీ సాయిబుగారికి వచ్చిందంటే అర్థముంది, రోజంతా పరుపుల మీద దొర్లుతాడు. నా ఒంట్లో ఎక్కడ దాక్కుందంట పంచదార?" అని కొంగు విప్పి దులిపి చూపించింది.

లోపలి గదిలోంచి మా ఆయన "నేను దొర్లితే ఆ పరుపులు కుట్టేదెవరమ్మా?" అని అరిచారు.

నేను నవ్వాను. నా చిన్నతనంలో మా ఊళ్ళో షుగరు ఉన్నది ఇద్దరికే, బియ్యం మిల్లు షావుకారుకి, ఆయన బావమరిదికి. ఆ మాట చెప్పేటప్పుడు మనుషుల గొంతులో జాలితో పాటు కొంచెం గౌరవం కూడా ఉండేది. నా బుర్రలో ఆ లెక్కే పాతుకుపోయింది.

ఒకరోజు డాక్టరుగారి కాగితం చదివి వినిపించాను.

"అన్నం తగ్గించాలట అక్కా."

"తగ్గించి ఏం తినమంటాడు? గాలా?"

"జొన్నరొట్టె తినొచ్చట. కొర్రన్నం."

ఆమె చేతిలో దూది అలాగే పట్టుకుని నా మొహంలోకి చూసింది. "మా అమ్మ జొన్నసంకటి మింగలేక ఏడ్చేది. ఒక్కపూట తెల్లన్నం పెట్టమని మా నాన్నతో పోట్లాడేది. మాకు అన్నం వచ్చేసరికి మీరు మా సంకటి కొనుక్కుని తింటున్నారా? బాగుందమ్మా బేరం."

"నడవాలి కూడానట."

"నడుస్తా. ఆ మేస్త్రిని కాస్త లేవనివ్వమని చెప్పు. షెడ్డు చుట్టూ పది చుట్లు తిరుగుతా."

మాత్రలు కూడా ఆమె తనకు తోచినట్టే వేసుకునేది. కడుపునిండా తిన్నరోజు మాత్ర, తినీ తినని రోజు లేదు. తినందానికి మందెందుకని. శుక్రవారం ఉపవాస ప్రార్థన ఉంటే ఆ పూటా లేదు. తప్పని చెప్పాను, మా ఇంట్లో రోజూ చూస్తున్నాను కాబట్టి. కానీ గట్టిగా చెప్పలేదు. ఇప్పుడు తలుచుకుంటే అదే గుచ్చుకుంటుంది.

మా అక్క కూతురు నర్సు. కువైట్‌లో కొన్నేళ్ళు చేసి ఇప్పుడు ఇంగ్లండులో చేస్తోంది. శుక్రవారం సెలవైతే ఫోను చేస్తుంది. ఒకసారి మాటల్లో ఈమె సంగతి చెప్పి, "కూలి చేసుకునే మనిషికి ఈ జబ్బేంటే?" అని అడిగాను.

"పిన్నీ, నువ్వింకా షావుకారు కాలంలోనే ఉన్నావు" అంది. "కువైట్‌లో ముందు నేను చూసింది డబ్బున్న ఇళ్ళలోనే. కారు దిగరు, ఎండ తగలనివ్వరు. ఆ తరవాత చూస్తే వాళ్ళింట్లో వంటచేసే మన ప్రకాశం, కడప ఆడవాళ్ళకూ అదే. వాళ్ళు తినగా మిగిలింది తింటారు, నిద్ర ఉండదు. ఇక్కడికొచ్చాక ఇంకో వింత. ఇక్కడ డబ్బున్నవాళ్ళు సన్నగా ఉంటారు, పొద్దున్నే రోడ్ల మీద పరుగెడతారు. మా వార్డులో కాళ్ళకు కట్లు కట్టించుకుని పడుకునేది రెండు ఉద్యోగాలు చేసి, చవగ్గా దొరికే పొట్లాల తిండి తినేవాళ్ళు. ఒక్కొక్క దేశంలో ఒక్కొక్క రకంగా మొదలవుతుందేమో గానీ, తిండి ఏరుకుని తినే వీలు లేనివాళ్ళ దగ్గరికే వచ్చి కూర్చుంటోంది. ఆమెని ఒకసారి మంచి డాక్టరుకి చూపించు పిన్నీ."

ఆ మాట ఈమెకు చేరవేశాను. మొదట చెప్పింది మొత్తం, చివరి వాక్యం తప్ప.

"ఇంగ్లండు కూలోళ్ళు కూడా నాలాగే అన్నమా తినేది?" అని అడిగింది ఆసక్తిగా.

"బ్రెడ్డట."

"పచ్చడైనా లేకుండానా! పాపం" అంది. నిజంగానే బాధపడింది.

ఆ చివరి వాక్యం ఎందుకు చెప్పలేదంటే, దాచాలని కాదు. నా తలలో మా ఆయనది షుగరు, ఆమెది మిరపకాయ మంట. రెండూ ఒకటే అన్న ఆలోచనే రాలేదు. మూడు నెలలకోసారి నేను, మా ఆయన బస్సెక్కి బ్రాడీపేట వెళ్ళే దారి ఆమె షెడ్డు మీదుగానే. కిటికీలోంచి చెయ్యి ఊపేదాన్ని. దిగి, పద అక్కా, నువ్వూ రా అనాలని రెండేళ్ళలో ఒక్కసారీ తోచలేదు.

సాక్ష్యం చెప్పిన మూడో వారం మేము మళ్ళీ బ్రాడీపేట వెళ్ళాం. ఆ రోజు డాక్టరుగారు మా ఆయన పాదాలు చూశారు. కళ్ళు మూసుకోమని చెప్పి, చిన్న దూది పోగుతో అరికాలి మీద తాకించి, "తెలుస్తోందా?" అన్నారు.

మా ఆయన కళ్ళు తెరవకుండానే, "తెలుస్తోందండీ. ఇది అచ్చ పత్తి కాదు, ఏదో కలిసింది" అన్నారు.

డాక్టరుగారు పడీ పడీ నవ్వారు. "మీ నరాలకు ఏ లోటూ లేదు, నన్నే పరీక్ష చేస్తున్నాయి" అన్నారు.

ఆ నవ్వు చనువుతో నేను అడిగాను. "డాక్టరుగారూ, మాకు తెలిసినామెకు కూడా షుగరుంది. రెండేళ్ళు అరికాళ్ళు మండాయి. ఇప్పుడు దానంతట అదే పోయింది. అంటే నయమైనట్టేగా?"

ఆయన చేతిలో దూది బల్ల మీద పెట్టారు. "దానికి మందేమైనా వాడిందా?"

"లేదండీ."

"అమ్మా, మంట ఉందంటే నరం ఇంకా బతికుంది, అరుస్తోంది. మందు లేకుండా అరుపు ఆగిందంటే చాలామందికి అది నయమవడం కాదు, నరం చచ్చుబడటం. ఇక ఆ కాలికి ముల్లు గుచ్చుకున్నా, నిప్పు తగిలినా ఆ మనిషికి తెలియదు. ఆమెను రేపే తీసుకురండి."

చర్చిలో కొట్టిన చప్పట్లు, నేను చదివిన రెండు రకాతులు, అన్నీ ఒక్కసారి నా మీద పడ్డాయి. బస్సులో మా ఆయన నా చెయ్యి పట్టుకునే కూర్చున్నారు.

బస్సు దిగి ఇంటికి పోలేదు. కొట్లోంచి పిడికెడు దూది తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఇంకా వెలుగుంది. ఆమె గడప దగ్గర కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"ఏంటక్కా, ఇంటికే పని తెచ్చావా?" అంది దూది చూసి.

"కాళ్ళు చాపు. కళ్ళు మూసుకో" అన్నాను.

"చక్కిలిగిలి పెట్టావంటే తంతా" అంటూ చాపింది. కళ్ళు మూసుకుంది. నవ్వు ఆపుకుంటోంది.

నేను పోగు తీసి బొటనవేలి కింద తాకించాను. తరవాత అరికాలి మధ్య. తరవాత మడమ. రెండో కాలు కూడా. ఆమె మొహం అలాగే నవ్వు బిగబట్టుకుని ఉంది.

"పెట్టవేంటక్కా? ఎంతసేపు మూసుకోను?" అంది.

అప్పుడే కుడిపాదం తిప్పి చూశాను. గడప పక్కన విడిచిన చెప్పు చూస్తే తెలిసింది, ఉంగటం తెగితే ఆమె పిన్నీసు పెట్టుకుని నడుస్తోంది, మన వాళ్ళంతా చేసే పనే. ఆ పిన్నీసు ఊడి, మొన చెప్పులోంచి పైకి వచ్చి, ఎన్నిరోజుల నుంచో అడుగడుక్కీ పాదంలో దిగుతోంది. వేళ్ళ మొదట్లో రూపాయి బిళ్ళంత నల్లటి పుండు, చుట్టూ వాపు. అప్పటిదాకా ఆమె దాన్ని చూడలేదు. నొప్పి లేని కాలిని తిప్పి చూసుకునేదెవరు?

ఆమె కళ్ళు తెరిచి నా మొహం చూసింది, తన కాలు చూసింది. "అదేంటక్కా, నా కాలేనా?" అంది.

మర్నాడే గుంటూరు తీసుకెళ్ళాం. చీమకుర్తిలో రాళ్ళు కోసే చోట పనిచేసే ఆమె కొడుకు మధ్యాహ్నానికల్లా వచ్చేశాడు, ఒంటి మీద రాతిపొడి ఇంకా అలాగే ఉంది. డాక్టరుగారు చూసి పెద్దాసుపత్రికి రాసిచ్చారు. అక్కడ అందరూ చేయగలిగిందంతా చేశారు. రాత్రీ పగలూ కట్లు మార్చిన నర్సమ్మలకు నేను ఈ జన్మకి రుణపడి ఉన్నాను. ముందు రెండు వేళ్ళు తీశారు. తరవాత మోకాలి కింద దాకా తీశారు. విషం అప్పటికే పైకి పాకిందని, కిడ్నీలు కూడా ముందు నుంచే దెబ్బతిని ఉన్నాయని చెప్పారు.

కాలు తీసిన నాలుగో రోజు నేను పక్కన కూర్చుని ఉన్నాను. కోడలు టీ తేవడానికి వెళ్ళింది. పైకి చూస్తూ పడుకున్న ఆమె ఉన్నట్టుండి అడిగింది.

"అక్కా, నేను చర్చిలో చెప్పిన సాక్ష్యం అబద్ధమైపోయిందా?"

కాలు పోయినందుకు ఆమె ఏడవగా నేను చూడలేదు. ఆ మాట అడిగినప్పుడు ఏడ్చింది. దేవుడి ముందు, పదిమంది ముందు, జీవితంలో ఒక్కసారి నోరు తెరిచి అబద్ధం చెప్పానన్న భయం ఆమెను లోపల లోపల తినేస్తోంది.

నాకు ఆమె గ్రంథం తెలియదు. నాకు తెలిసిందే చెప్పాను. "లేదక్కా. నీకు మంట పోయింది, పోయిందని చెప్పావు. అందులో అబద్ధమేముంది? మేలు జరిగిందనుకుని థాంక్స్ చెప్పావు. నేనూ చెప్పాను. మనం తెలియక చెప్పిన థాంక్స్‌ని ఆయన మన మొహాన కొట్టడు."

"నువ్వూ చెప్పావా?"

"రెండు రకాతులు చదివాను, నీ పేరు చెప్పి."

ఆమె నా చెయ్యి వెతికి పట్టుకుంది. "ఆ షెడ్డులో ఇంకెంతమంది నాలాగ సంతోషపడుతున్నారో. నువ్వెళ్ళి చెప్పక్కా. నేను లేవలేనుగా."

కాలు తీసిన తొమ్మిదో రోజు పొద్దున ఆమె పోయింది. సమాధుల దగ్గర పాస్టరుగారు వాక్యం చదవబోయి చదవలేక ఆగిపోయారు. ఆయన చప్పట్లు కొట్టించిన చేతులే ఇప్పుడు ఆమె మీద మట్టి వేయాలి. ఆయన తప్పు కాదు. ఆ రోజు నేనుంటే నేనూ కొట్టేదాన్ని.

సీజను మొదలవగానే షెడ్డుకి వెళ్ళాను. బురఖాలో నన్ను చూసి మేస్త్రి ఎవరికోసమో వచ్చాననుకున్నాడు. నాకు నలుగురిలో మాట్లాడిన అలవాటు లేదు. ఎలాగో అడిగాను, "మీలో అరికాళ్ళు మండి మండి, దానంతట అదే తగ్గిపోయినవాళ్ళు ఉన్నారా అమ్మా?"

కొందరు నవ్వారు. "మాకెక్కడ తగ్గుద్ది బూబమ్మా, నువ్వేమన్నా మంత్రించి ఊదుతావా?" అంది ఒకామె.

రాశి అవతలి నుంచి ఒక చెయ్యి లేచింది. నడివయసు మనిషి, ముక్కుకి కట్టిన గుడ్డ కిందికి లాగి నవ్వుతూ చెప్పింది. "నాకు తగ్గిందమ్మా. దేవుడి దయ. పోయినేటి నుంచి అసలు మంటే లేదు."

అంతా విడమరిచి చెప్పాను. పక్కన కూర్చుని బతిమాలాను. బస్సు ఖర్చు నాది, తోడు నేనే వస్తానన్నాను. ఆమె నా మాట కొట్టేయలేదు, విన్నది. వింటూనే తొడిమలు తీస్తోంది.

"వస్తానమ్మా. సీజను అయిపోనీ" అంది.

నేను ఇప్పటికి ఆరుసార్లు వెళ్ళాను. ఇంకా సీజను అయిపోలేదు.

ఇది చదివినవాళ్ళు నన్ను తలుచుకోనక్కర్లేదు. మీరు ఏ పేరుతో, ఏ దిక్కుకి తిరిగి ప్రార్థన చేసుకున్నా, అందులో ఒక్క క్షణం ఆ మనిషిని తలుచుకోండి. గట్టిగా నవ్వేది, ఊరికే వేళాకోళం ఆడేది, చూడని దేశంలో పచ్చడి లేకుండా తినే కూలివాళ్ళ మీద జాలిపడింది. ఆమె పేరు నేను రాయలేదు. మీరు ఎవరిని అడుగుతున్నారో ఆయనకు తెలుసు. ఆమె చెప్పిన సాక్ష్యాన్ని ఆమె చెప్పిన మనసుతోనే అందుకోమని అడగండి.